కొండకు కొత్త దారి తొలిచే ముందు

వెబ్‌సైటును నడిపే మూల సాఫ్ట్‌వేర్‌కు అదనంగా ఒక పని నేర్పడం కోసం చేర్చే చిన్న ప్రోగ్రామును ప్లగిన్ అంటారు. వర్డ్‌ప్రెస్ మీద నడిచే సైట్లలో ఈ చేర్పు ఎంత సులభమంటే, ఒక మీట నొక్కగానే ఎవరో రాసిన కోడ్ సర్వర్‌లోకి దిగి, డేటాబేస్‌ను చదవడానికీ, ఫైళ్లను మార్చడానికీ, ఖాతాలను సృష్టించడానికీ మూల సాఫ్ట్‌వేర్‌తో సమానమైన అధికారం పొందుతుంది. ఫోనులో యాప్ పెట్టుకునేటప్పుడు కెమెరా వాడుకోవచ్చునా, కాంటాక్టులు చూడవచ్చునా అని అడిగే అనుమతుల తెర ఇక్కడ లేదు. ఫొటోలను వరుసగా చూపే ప్లగిన్‌కూ, డబ్బు వసూలు చేసే ప్లగిన్‌కూ దక్కే అధికారం ఒక్కటే కనుక, చిన్న ప్లగిన్ అన్న మాట దాని పరిమాణాన్ని చెబుతుందే గాని అది చేయగల నష్టాన్ని చెప్పదు.

ఉదయగిరి కొండకోటకు అప్పట్లో ఒకే దారి ఉండేదనీ, అదీ మనుషులు ఒకరి వెనుక ఒకరు మాత్రమే నడవగలిగేంత ఇరుకనీ, 1513లో ముట్టడికి దిగిన కృష్ణదేవరాయలు ఏడాదిన్నర పాటు బండలు తొలిపించి వెడల్పైన దారులు వేయించాడనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. లోపలికి రాగల దారులెన్ని అన్న లెక్కే వెబ్‌సైటు భద్రతకూ మొదటి లెక్క. తేడా ఏమిటంటే, ఇక్కడ కొత్త దారిని శత్రువు తొలవనక్కరలేదు; ప్లగిన్ పెట్టిన ప్రతిసారీ కోట యజమానే లోపలి నుంచి తొలిచి ఇస్తాడు.

భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క గరిటెలను అమ్మే సైటుకైనా, ఆత్మకూరులోని ఒక ట్యూషన్ కేంద్రం సైటుకైనా, దాడి చేసేవాడు గరిటెల కోసమో మార్కుల జాబితా కోసమో రాడు. ఫలానా ప్లగిన్ ఫలానా వెర్షన్ ఎక్కడ ఉందో వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూ, దొరికిన సర్వర్‌ను మోసపు మెయిళ్లు పంపడానికో, సైటుకు వచ్చినవారిని జూదపు సైట్లకు మళ్లించడానికో వాడుకుంటాయి. అందువల్ల వెతకవలసిన మొదటి విషయం ప్లగిన్ మంచిచెడ్డలు కాదు, దాని అవసరం. కొనుగోలుదారు వాట్సాప్‌లో పలకరించడానికి పేజీలో ఒక్క లింకు సరిపోయే చోట, ఆ పని కోసమే ప్లగిన్ చేర్చడం అనవసరపు దారి.

అవసరం తేలిన తరువాత చాలామంది చూసేది ఎన్ని సైట్లలో నడుస్తున్నదన్న అంకె. ఆ అంకె ఆదరణను కొలుస్తుంది గాని భద్రతను కాదు. 7 లక్షలకు పైగా సైట్లలో ఉన్న ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌లో 2020 సెప్టెంబరులో బయటపడిన లోపం, అందులో వాడుకున్న వేరొక లైబ్రరీ తాలూకు నమూనా ఫైలును నేరుగా నడిచే రూపంలోకి పేరు మార్చి ఉంచడం వల్ల కలిగింది; లాగిన్ కానివారు సైతం సర్వర్‌లోకి ఫైళ్లు ఎక్కించగలిగారు. 2017 డిసెంబరులో 3 లక్షల సైట్లలో ఉన్న క్యాప్చా ప్లగిన్ కథ మరొక రకం. అది చేతులు మారిన తరువాత వచ్చిన అప్‌డేట్‌లో దొంగదారి పెట్టి పంపారు. వర్డ్‌ప్రెస్ అధికారిక భాండాగారంలో తొలిసారి చేరే ప్లగిన్‌ను పరిశీలకులు చూస్తారనే ధీమా ఇటువంటి చోట అక్కరకు రాదు, ఎందుకంటే నిన్న నమ్మదగిన కోడ్‌కు నేటి యజమాని వేరు కావచ్చు. చివరి అప్‌డేట్ తేదీ, రచయిత పేరులో మార్పు, పాత లోపాలను ఎంత త్వరగా సరిదిద్దారన్న చరిత్ర, ఈ మూడూ సంస్థాపనల అంకె కంటే ఎక్కువ చెబుతాయి. డబ్బు కట్టవలసిన ప్లగిన్‌ను ఎక్కడో ఉచితంగా దొరికిన జిప్ ఫైలు నుంచి పెట్టుకునే అలవాటు గురించి చర్చ అనవసరం.

చిన్న ప్లగిన్‌కు ఉన్న అసలైన సుగుణం, దానిని ఒక సాయంత్రం కూర్చుని మొత్తం చదవగలగడం. పీహెచ్‌పీ భాషలో రాసిన ఆ కోడ్ మామూలు పాఠమే కనుక, సైటులో పెట్టకుండానే జిప్‌ను విప్పి చూడవచ్చు. బయటి నుంచి సమాచారం లోపలికి వచ్చే ప్రతి చోటునూ పట్టుకుని, అది ఎక్కడికి పోతున్నదో చివరి దాకా వెంబడించాలి. విచారణ ఫారమ్‌లో పేరు రాయవలసిన గడిలో ఒక స్క్రిప్టు రాసి పంపితే, దానిని నిర్వీర్యం చేయకుండా అడ్మిన్ తెర మీద చూపే ప్లగిన్, ఆ స్క్రిప్టును యజమాని బ్రౌజర్‌లోనే, యజమాని అధికారంతోనే నడిపిస్తుంది. వచ్చిన మాటను ఉన్నదున్నట్లు డేటాబేస్ ప్రశ్నలో అతికిస్తే, పంపినవాడు ప్రశ్ననే మార్చివేయగలడు.

వీటికంటే మాయగా ఉండేది ఈజ్ అడ్మిన్ అనే ఫంక్షన్. పేరు వింటే, అడుగుతున్న వ్యక్తి అడ్మినా కాదా అని తేల్చేదిగా తోస్తుంది. అది తేల్చేది అడిగిన పేజీ అడ్మిన్ విభాగానికి చెందినదా అని మాత్రమే. లాగిన్ కాని సందర్శకుడు పంపే అజాక్స్ అభ్యర్థన, అనగా పేజీ మారకుండానే తెర వెనుక సాగే అడిగింపు, ఆ విభాగం గుండానే పోతుంది కనుక, దానికీ ఈ ఫంక్షన్ అవుననే జవాబిస్తుంది. కాపలాగా దీనినొక్కదానినే నిలబెట్టిన ప్లగిన్ తలుపు తెరిచి పెట్టినట్టే. వ్యక్తి అధికారాన్ని అడిగే ఫంక్షన్ వేరే ఉంది, దాని పేరు కరెంట్ యూజర్ క్యాన్. సెట్టింగులు మార్చే, ఫైళ్లు చెరిపే ప్రతి భాగం ముందూ అది కనబడాలి. అర్థం కాని అక్షరాల గుట్టను విప్పి నడిపించే ఇవాల్ వంటి ఆజ్ఞ ఒక ఫొటోల ప్లగిన్‌లో కనబడితే, తరువాతి వరుసలు చదవనక్కరలేదు.

చదివినప్పుడు నెగ్గిన ప్లగిన్‌ను సైటు నకలు మీద ముందుగా నడిపి చూడడం మేలు. నచ్చక ఆపివేసినంత మాత్రాన దాని ఫైళ్లు సర్వర్ నుంచి తొలగిపోవనీ, ఫైల్ మేనేజర్‌లోని నమూనా ఫైలు వంటిది మిగిలి ఉంటే చిరునామా తెలిసినవారు దానిని నేరుగా పిలవగలరనీ యజమానులు గమనించరు. ఆపడం వేరు, తొలగించడం వేరు. తొలగించిన తరువాత కూడా డేటాబేస్‌లో ఆ ప్లగిన్ వదిలిన పట్టికలున్నాయేమో, అడ్మిన్ల జాబితాలో తెలియని పేరు చేరిందేమో చూడవలసి ఉంటుంది.