కొండపల్లి మక్కు

కొండపల్లి బొమ్మను ఒకే చెక్కలోంచి తొలవరు. మొండెం ఒకటి, చేతులు వేరు; అంబారీ ఏనుగైతే మీద కూర్చునేవాళ్లూ వేరే. ఇన్ని ముక్కలు కలిసినా అతుకు జాడ కనబడకుండా చేసేది మక్కు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. విజయవాడ దగ్గరి కొండపల్లిలో ఈ పని ఆర్యక్షత్రియ కుటుంబాలది. సుమారు 400 ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి తమ పెద్దలు తెచ్చిన విద్య అని వారి మాట. గోదావరి జిల్లాల ఇళ్లలో సంక్రాంతి బొమ్మల కొలువుకు ఈ బొమ్మలు ఎంతో ఇష్టమైనవి.

చెక్క తెల్లపొనికి. తేలికగా, మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది. పచ్చిదాన్ని అతికిస్తే ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, పూడ్చిన సందు మళ్లీ నోరు తెరుస్తుంది. అందుకే ముందు సన్నని సెగ మీద చెక్కలోని తేమ పోగొడతారు. మంచి అతుకు నిజానికి అక్కడే మొదలవుతుంది.

మక్కు గుణమంతా పాళ్లలో ఉంది. చింతపిక్క పప్పును మెత్తగా పొడిచేసి నీటిలో ఉడికిస్తే చిక్కని జిగురు వస్తుంది. బట్టల మిల్లుల్లో నూలుకు గంజి పెట్టడానికీ ఈ పొడినే వాడతారు. జిగురు ఒక్కటే అయితే ఆరాక కుంచించుకుపోయి బీటలిస్తుంది. పొట్టు ఆ కుంచింపును తగ్గిస్తుంది, పైగా అదీ చెక్కే కనుక ఆరాక ఆకురాయికి చెక్కలాగే అరుగుతుంది. పొట్టు మితిమీరితే మాత్రం ముద్ద రాలిపోతుంది. లోతైన సందును ఒక్కసారే నింపకూడదు. నీరు ఆవిరైనకొద్దీ మధ్యలో గుంట పడుతుంది. పల్చగా పట్టించి, ఆరనిచ్చి, మళ్లీ పట్టించాలి. చుట్టూ అంటిన మక్కును తడి ఆరకముందే వేలితో తుడిచేయొచ్చు. చెక్కకు ఏ హానీ జరగదు.

ఈ పద్ధతిలో అసలు తెలివి వరసలో ఉంది. అతుకులు పూడ్చి, నున్నగా రాకిన తర్వాతే ముక్కు, చెవులు, నగల వంటి సన్నని పనిని అదే మక్కుతో తీరుస్తారు. రాకేటప్పుడు చెడిపోవడానికి అక్కడ నగిషీ ఇంకా పుట్టనే లేదు. ఆపైన తెల్లపూత, చివరికి సన్నని కుంచెతో రంగులు. తెల్లపూత మందమైతే తీర్చిన గీతలు పూడిపోతాయి, కనుక అక్కడా చెయ్యి తేలిగ్గా ఉండాలి.

విమానాల, ఓడల ప్లాస్టిక్ నమూనాలు చేసేవారికి ఈ వెసులుబాటు లేదు. రేకుల గీతలు, రివెట్లు అచ్చులోనే పోతపోసి వస్తాయి. అతుకు మీద పుట్టీ పట్టించి గరుకు కాగితంతో రుద్దితే పక్కనున్న గీతలూ అరిగిపోతాయి. అందుకే సందుకు ఇరువైపులా టేపు అంటించి నడుమ మాత్రమే నింపుతారు. నీటితో తుడవదగిన పుట్టీ అయితే ఆరకముందే తుడిచేస్తారు. అరిగిన గీతను సూదిమొనతో మళ్లీ గీయక తప్పదు. ఆ కష్టంలో చాలా భాగాన్ని కొండపల్లి వరస మొదటే తప్పిస్తుంది.

కొలువులోని పాత బొమ్మకు చెయ్యి ఊడితే పారేయకండి. ఊడిన చోట మిగిలిన పాత మక్కును మెల్లగా గీకి, చింతగింజల జిగురు, పొట్టు కలిపి అతికిస్తే మళ్లీ నిలుస్తుంది.