శాలువా కప్పే ముందు

ఈ వారం నన్ను చికాకు పెట్టినవాడు మా వీధి చివరింటి గుంటడు. సెలవుల్లో ఊరికే తిరుగుతున్నాడు కదా అని పాత చందమామ చేతిలో పెడితే, అటూ ఇటూ తిప్పి చూసి "సదివితే ఏటిస్తావు తాతా?" అన్నాడు. వాళ్లింట్లో ఎక్కాలు అప్పజెబితే ఐదు రూపాయలు, పాలు తాగితే ఫోను. ఇంట్లో నేర్చిన బేరం వీధిలో ఆడాడు, వాణ్ణనేం లాభం!

శాలువాల మీదా, గుడిలో ఫ్యాను రెక్కలకెక్కే దాతల పేర్ల మీదా నా కసి ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఇప్పుడా పద్దులో ఐదు రూపాయల బిళ్ల కూడా చేరింది. 1973లో అమెరికాలో మార్క్ లెప్పర్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలేయడమంటే సరదాపడే చిన్నపిల్లల్ని ఎంచుకుని, కొందరికి 'వేస్తే బహుమతి' అని ముందే చెప్పారు. కొన్నాళ్లకు చూస్తే ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలేయడం తగ్గిపోయింది. ముందు చెప్పకుండా, వేశాక బహుమతి ఇచ్చిన పిల్లల సరదా మాత్రం చెడలేదు. చెరిచింది బహుమతి కాదు, బేరం.

అంత దూరం పోనక్కర్లేదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులు. అక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోమని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆ భాష వస్తే జీతం పెరగదు, పరువూ పెరగదు. అప్పటికి దానికి లిపే లేదు. సవర తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని మాట మాట పట్టారు. కొండల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైను చెవుల్ని తినేసింది. భాషను వినడం కోసం తిరిగిన మనిషికి దక్కింది చెవుడు! అయినా మానలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అంతకు ముందే ఆయన సవర కృషికి మెచ్చి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారు.

కథకుడు కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారిదీ ఇదే దారి. 'యజ్ఞంతో తొమ్మిది'కి వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు సొమ్మును శ్రీకాకుళంలో కథల గ్రంథాలయం కథానిలయానికి పెట్టారు. 1997 ఫిబ్రవరి 22న అది తెరుచుకున్నాక తన కథల సంగతి పక్కనపెట్టి, పక్కవాళ్ల కథల కోసం పాత పత్రికల వెంటపడ్డారు. అడిగితే చాలు, అటకల మీది కట్టలు దించి ఇచ్చినవాళ్లెందరో. వాళ్ల పేర్లు ఏ ఫ్యాను మీదా లేవు.

ఇక్కడ ఆపేస్తే నాకు హాయి. కానీ ఖద్దరు నేసే పొందూరు అడ్డొస్తోంది.

అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద వందో నంబరు నూలు తీసే అమ్మలున్నారు. ఆ పనితనం చూసినవాళ్లంతా 'డబ్బు కోసమైతే ఇంత సన్నం వస్తుందా, ప్రేమతో చేస్తారండీ' అంటారు. నేనూ అన్నాను, సభల్లో అన్నాను. పనిమీద వాళ్లకు ప్రేమ లేదనను. కానీ వాళ్లకొచ్చేది చిలప (నూలు చుట్ట) లెక్కన కూలి. అది చాలకే కూతుళ్లు రాట్నం ముట్టుకోవడం లేదు. కారా మాస్టారూ గిడుగువారూ బడి జీతంతో ఇల్లు నడుపుకున్నవాళ్లు. పొయ్యి వెలిగాక ఇష్టానికి చోటు దొరికింది. వెలగని ఇంటికి పోయి ఇష్టం గొప్పదని చెప్పడం, కూలి ఎగ్గొట్టడానికి మర్యాదైన దారి.

గిడుగువారికి ఈ తేడా తెలుసు. ప్రభుత్వమిచ్చే డబ్బు కాదన్న ఆయనే సొంత ఖర్చుతో సవర బడులు నడిపారు, వాటిలో పంతుళ్లకు జీతాలిచ్చారు. నేను ఊరికే చేస్తున్నాను కదా, మీరూ ఊరికే చెప్పండి అనలేదు. తనకు వద్దనుకునే హక్కు తన ఒక్కడిదే అనుకున్నారు.

కాబట్టి పిల్లల దగ్గర నా పాత పాటే: బేరం వద్దు. పెద్దవాళ్ల పని దగ్గర మాత్రం పాట మారుస్తున్నాను. నూలు వడికే అమ్మకు సన్మానమని నన్ను ఈసారి వేదిక మీదికి పిలిచేవాళ్లు, శాలువా సంగతి తర్వాత, చిలపకు రేటెంత పెంచారో ముందు చెప్పాలి.