పిల్లల కోసమే పట్నం

జగదేవ్‌పూర్ నుంచి పట్నం పోవడానికి మనకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది. దవాఖాన, కోర్టు, పెళ్లి బట్టలు, చుట్టాలింట్లో చావో శుభమో. ఆ పనుల వెంట పిల్లలూ వస్తారు. బట్టల దుకాణంలో పరుపు మీదే నిద్రపోతారు. దవాఖాన వరండాలో బిస్కెట్లు తిని పొద్దు గడుపుతారు. రాత్రికి మన భుజాల మీద ఇల్లు చేరతారు. మర్నాడు బడిలో "పట్నం పోయొచ్చిన" అని చెప్పుకుంటారు. ఏం చూసినవ్ రా అని సారు అడిగితే మాత్రం చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు.

ఏడాదిలో ఒక్క రోజైనా పిల్లల కోసమే పట్నం పోదామని, ఆ రోజుకు ఇంకే పనీ తగిలించొద్దని ఈ వారం నా విన్నపం. "ఎట్లాగూ పోతున్నం కదా, ఆ పని కూడా చూసుకొని వద్దాం" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అక్కడే ఒప్పుకోకూడదు. సుల్తాన్‌బజార్‌లో గంట అనుకున్నది మూడు గంటలవుతుంది, ఆ మూడు గంటలూ పిల్లల రోజులోంచే పోతాయి. చీరలకు ఇంకో రోజు పోవచ్చు. ఈ సంగతిలో నేను ఇంట్లో ఎవరి మాటా వినను.

రోజు కుదరాలంటే ముందు పొలం ఒప్పుకోవాలి. నాట్లు, కలుపు అయిపోయి పత్తి ఏరుడు జోరందుకోకముందు కొద్ది రోజులు చేతికి తీరిక దొరుకుతుంది. సంక్రాంతి సెలవులు ఇంకా మేలు, ఎండ ఉండదు. తర్వాత పట్నం సెలవులు చూసుకోవాలి. జూ పార్కు సోమవారం మూసి ఉంటుంది, సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం. రెండు గంటలు బస్సులో కూర్చొని మూసిన గేటు ముందు దిగితే పిల్లలకు ఏం జవాబు చెప్పగలం? ఆదివారం జనం ఎక్కువ. బడికి సెలవున్న మామూలు రోజు దొరికితే వదలొద్దు.

ఇక ప్లాను. అందరూ పొద్దున్నించి వేస్తారు, నేను సాయంత్రం నుంచి వేస్తాను. చీకటి పడకముందు ఇంటికి చేరాలంటే మూడున్నరకల్లా జేబీఎస్ బస్టాండ్‌లో బస్సు ఎక్కాలి. అంటే రెండున్నరకు చూడడం ఆపేయాలి. పొద్దున ఏడింటికి బయలుదేరి, గజ్వేల్, ప్రజ్ఞాపూర్ మీదుగా రాజీవ్ రహదారి పట్టుకుంటే జేబీఎస్ చేరేసరికి తొమ్మిది దాటుతుంది. లెక్క తీస్తే చేతిలో మిగిలేది నాలుగైదు గంటలు. అందులోనే తిండి, నీళ్లు, బాత్‌రూమ్, అలసిన చిన్నదాన్ని ఎత్తుకొని కూర్చోవడం. ఇంత తక్కువ పొద్దులో చార్మినార్, జూ, ట్యాంక్‌బండ్ అన్నీ అనుకుంటే పిల్లలు చూసేది ఆటో సీట్లే. ఒక్క చోటే ఎంచుకోవాలి.

ఏడెనిమిదేళ్ల పిల్లలుంటే నా ఓటు సాలార్‌జంగ్ మ్యూజియానికి. పగలు పన్నెండు గంటలకు అక్కడి సంగీత గడియారం ముందు కూర్చోవాలి. గంట కొట్టే వేళకు చిన్న తలుపు తెరుచుకొని గడ్డపు మనిషి బొమ్మ బయటికి వస్తుంది, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతుంది. పక్కన ఇంకో బొమ్మ సమ్మెటతో క్షణం క్షణం కొడుతూనే ఉంటుంది. ఒంటిగంటకు పోతే ఒక్క దెబ్బే వినిపిస్తుంది, పన్నెండుకు పోతే పన్నెండు. పిల్లలు వేళ్ల మీద లెక్కపెడతారు. అందుకే మిగతాదంతా ఈ పన్నెండు గంటల చుట్టూ అమర్చుకోవాలి. కాస్త ముందే పోయి కూర్చుంటే వాళ్లకు ముందు వరుస దొరుకుతుంది.

గడియారం కాక ఇంకో రెండు చూపిస్తే చాలు. ఒకటి ముసుగు వేసుకున్న రెబెక్కా, బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కినది. రాతి ముసుగు వెనక ముఖం ఎట్లా కనిపిస్తుందో పిల్లలు చాలాసేపు తేల్చుకోలేరు. ఇంకొకటి ఒకే దుంగలో ఇద్దరు మనుషుల చెక్కబొమ్మ. ముందు వైపు మెఫిస్టోఫిలిస్ అనే దయ్యం, వెనక వైపు మార్గరెట్టా అనే తల వంచుకున్న అమ్మాయి. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఒక్కచోట నిలబడితే ఇద్దరూ కనిపిస్తారు. కత్తులు, గిన్నెలు, తివాచీలు పెద్దవాళ్లకు ముచ్చటే గానీ, ప్రతి గదీ తిప్పితే పిల్లల కాళ్లు ఆగవు. ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్ తన జీవితమంతా పోగుచేసిన సొత్తు అది. 1951లో దివాన్ దేవిడీ అనే మహల్‌లో మ్యూజియంగా మొదలై 1968లో ఇప్పటి భవనానికి వచ్చింది. ఒక్కరోజులో చూసి ముగించేది కాదు, ముగించాల్సిన అవసరమూ లేదు.

అక్కడికి పోయే దారి కూడా పిల్లలకు చూసే చోటే. జేబీఎస్ దగ్గర మెట్రో ఎక్కితే ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా ఎంజీబీఎస్ దాకా ఇళ్ల మీంచే పోతుంది. ఈ దారి 2020 ఫిబ్రవరిలో తెరిచారు. అద్దం పక్కన నిలబెట్టి మిద్దెలూ వాటి మీది నీళ్ల ట్యాంకులూ చూడనివ్వాలి. ఎస్కలేటర్ దగ్గర మాత్రం చెయ్యి వదలొద్దు. ఎంజీబీఎస్‌లో దిగాక మ్యూజియానికి ఆటోలో కొద్ది నిమిషాలే.

తిండి గురించి అమ్మలకు ఒక మాట. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పూరీలు, కూరలు, సకినాలు అన్నీ కట్టుకొని పోవాలని ఎవరూ రాయలేదు. బస్సులో కడుపు తిప్పే పిల్లలకు పొద్దున నూనె తిండి అసలే వద్దు. పులిహోర, పెరుగన్నం, అరటిపండ్లు, నీళ్లు ఉంటే చాలు, మిగతాది అక్కడ కొనుక్కోవచ్చు. మూటలు తగ్గితే అమ్మకూ చేతులు ఖాళీగా ఉంటాయి, ఆమె కూడా గడియారం చూడాలి కదా. నాయిన ముందు రోజు రాత్రే సంచి సర్ది పెట్టాలి. ఒక జత బట్టలు, ఒక తువ్వాలు, రెండు ఖాళీ కవర్లు మరవొద్దు.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకూ ఆడపిల్లలకూ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. దీంతో మా ఊళ్లో మారిందొకటి నేను గమనించాను. ఇదివరకు పట్నం ఎప్పుడు పోవాలో మగవాళ్లు చెప్పేవాళ్లు, ఇప్పుడు ఇంట్లో ఆడవాళ్లే రోజు ఖాయం చేస్తున్నారు. అవ్వను కూడా తీసుకుపోండి. ఆమె కార్డు ఆమె దగ్గరే ఉండాలి. పెద్దవాళ్లు ఎక్కువుంటే ఒక్కో పిల్లకు ఒక్కో చెయ్యి దొరుకుతుంది, అలసినవాళ్లతో ఒకరు కూర్చోవచ్చు.

తప్పిపోవడం గురించి ముందే మాట్లాడుకోవాలి, భయపెట్టకుండా. ఇద్దరు పెద్దవాళ్ల ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పిల్లల జేబులో పెట్టాలి. నాయిన పేరు, ఊరు, మండలం తడుముకోకుండా చెప్పడం నేర్పాలి. కనిపించకపోతే ఉన్నచోటే నిలబడమని, పోలీసు దగ్గరికో, పిల్లలతో ఉన్న అమ్మ దగ్గరికో పొమ్మని చెప్పాలి. 1098 పిల్లల సాయం కోసమే ఉన్న నంబరని పెద్దవాళ్లకూ తెలిసి ఉండాలి.

బడికి పోని బుడ్డోళ్లే ఉంటే మ్యూజియం మానేసి లుంబినీ పార్కులో పడవ ఎక్కించండి. హుస్సేన్‌సాగర్ నడుమ నిలబడ్డ బుద్ధుడు మన పక్కూరి రాయి. భువనగిరి దగ్గర రాయగిరి బండలోంచే ఆ విగ్రహాన్ని మలిచారు. 1990 మార్చిలో తీసుకుపోతుంటే పడవ మునిగింది, మనుషులు చనిపోయారు. విగ్రహం రెండేళ్లకు పైగా నీళ్ల అడుగునే ఉండి, 1992 డిసెంబర్‌లో నిలబడింది. "ఈయన మన దిక్కు నుంచే పోయిండు" అని చెబితే పిల్లలు ఆ విగ్రహాన్ని చూసే తీరే వేరుగా ఉంటుంది.

బుగ్గలు, బొమ్మలు అడుగుతారు. ఎవరికెంతో ఇంట్లోనే అనుకొని ఆ డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. ఏం కొనాలో వాళ్లే తేల్చుకుంటారు, ఏడుపూ తగ్గుతుంది. తిరుగు బస్సు నిండుగా ఉంటే ఎగబడొద్దు. జేబీఎస్ నుంచే బయలుదేరుతుంది కాబట్టి తర్వాతి దానికి ఆగితే అందరికీ సీట్లు దొరుకుతాయి. శామీర్‌పేట దాటకముందే పిల్లలు నిద్రపోతారు, కిటికీ సీటు అవ్వకు ఇవ్వండి.