శ్రీబాగ్ ఒడంబడిక: కోరుకునే హక్కు రాసిన తీరు

శ్రీబాగ్ ఒడంబడిక గురించి వాదించేవాళ్లు ఎక్కువ, చదివినవాళ్లు తక్కువ. చదవడానికి అయిదు నిమిషాలు పట్టదు. 1937 నవంబరు 16న మద్రాసులో, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి బంగళాలో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని రాసుకున్న కాగితం అది. ఆ బంగళా పేరే శ్రీబాగ్. కోస్తా నుంచి కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య, సీమ నుంచి కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు వంటివారు సంతకాలు చేశారు. దీని రాజకీయం మీద బోలెడు రాశారు. నన్ను ఆకట్టుకునేది దాని రచన.

రాసినవాళ్ల ముందున్న చిక్కు చిన్నది కాదు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు వచ్చి అప్పటికే ఎనభై ఏళ్లు దాటింది. డెల్టాలో చదువు, డబ్బు, పత్రికలు పెరిగాయి. సీమకు మిగిలింది కరువు. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం చివరికి వాల్తేరుకు చేరింది తప్ప సీమ వైపు రాలేదు. అరవల పెత్తనం పోయి సర్కారు జిల్లాలవాళ్ల పెత్తనం వస్తే మాకేం ఒరిగిందన్న అనుమానం సీమవాసులది. ఆ అనుమానం తీరకుండా మద్రాసు నుంచి విడిగా ఆంధ్ర రాష్ట్రం అడగడం కుదరదు.

మనకు ఇలాంటి పనికి మాటలు చాలానే ఉన్నాయి. కోర్టు ఆవరణలో రాజీ అంటే దావా తెగిపోయిందని శుభవార్త. అదే మాట సభలో ‘రాజీపడ్డాడు’ అయితే తిట్టు. సర్దుబాటు అన్నప్పుడు ఎవరో ఒకరు ఒదిగి కూర్చున్నట్టు లెక్క. ఒప్పందం మిరపకాయల బేరానికైనా సరిపోతుంది. ఒడంబడికలో మాత్రం ఇద్దరూ మనసారా ఒడబడినట్టు వినిపిస్తుంది. శ్రీబాగ్ కాగితానికి ఆ పేరే స్థిరపడటం సబబే.

అసలు పనితనం రాజధాని గురించి రాసిన వాక్యాల్లో ఉంది. విశ్వవిద్యాలయం, రాజధాని, హైకోర్టు మూడూ ఒకేచోట పోగుపడకూడదన్నారు. విశ్వవిద్యాలయం ఉన్నచోటే ఉంటుంది. మిగిలిన రెండింటిలో ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు. ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. మన ఇళ్లలో అన్నదమ్ముల పంపకాలు చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు: పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. వాటా వేసేవాడికి మోసం చేసే వీలుండదు, కోరుకునేవాడికి గొణిగే వీలుండదు. ఆ పల్లెటూరి తెలివిని రాష్ట్ర నిర్మాణానికి ఎక్కించారు.

అంతకన్నా మెచ్చుకోవలసింది, ఒక్క ఊరి పేరూ రాయకపోవడం. ‘తగిన ప్రదేశాలు’ అని ఊరుకున్నారు. కర్నూలు అనో, గుంటూరు అనో అప్పుడే రాసి ఉంటే ఆ సాయంత్రమే కడపకూ అనంతపురానికీ, గుంటూరుకూ బెజవాడకూ తగువు మొదలయ్యేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేనాటికి పదహారేళ్లు గడిచాయి. ఆ వాక్యం అప్పటికీ పనిచేసింది: సీమ రాజధానిని కోరుకుంది, కర్నూలులో డేరాలు లేచాయి, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది.

నీటి షరతులో మరో నేర్పు కనబడుతుంది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో మొదటి హక్కు రాయలసీమతో పాటు నెల్లూరుకూ ఇచ్చారు. నెల్లూరు కోస్తా జిల్లా. దాన్ని సీమ పక్కన చేర్చడంతో ఈ షరతు కోస్తాకూ సీమకూ మధ్య పంచాయితీలా కాక, నీళ్లున్న నేలకూ లేని నేలకూ మధ్య లెక్కలా మారిపోయింది. పదేళ్లపాటు, పరిస్థితులను బట్టి ఇంకా ఎక్కువకాలం, ఈ ప్రాంతాల పథకాలనే ముందు చూడాలన్నారు. ఎంతవరకు? కోస్తా జిల్లాల స్థాయి అందేవరకు. రాష్ట్రం వచ్చేదాకా ఆగనక్కర్లేదని, మద్రాసు ప్రెసిడెన్సీ పాలనలో ఆ రోజు నుంచే అమలు కావాలనీ రాశారు. రాజాజీ కాంగ్రెస్ మంత్రివర్గం ఆ జులైలోనే గద్దెనెక్కింది కాబట్టి అది ఉత్తి కోరికగా రాసింది కాదు.

శాసనసభ స్థానాలను జిల్లాలవారీ సమాన ప్రాతిపదికన పంచడం, వాల్తేరుకు తోడు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రాన్ని పెంచడం మిగతా షరతులు. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో గానీ రాలేదు.

లోపం లేదని కాదు. పదేళ్లు ఎప్పటికి నిండాయో, నీళ్ల మొదటి హక్కు నిలబడిందో లేదో తేల్చేదెవరన్నది ఎక్కడా లేదు. ఆంధ్ర, తెలంగాణలను కలిపేందుకు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం ఈ విషయంలో పూర్తిగా మరో రకం: మంత్రివర్గంలో 60:40, నివాసార్హతకు 12 ఏళ్లు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు, తెలంగాణకు ప్రాంతీయ మండలి. అన్నీ అంకెలూ పదవులే. అయినా ఆ ఏడాది నవంబరులో ఏర్పడ్డ తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు. అంకెలు రాసినంత మాత్రాన కాగితానికి బలం రాదు. శ్రీబాగ్ పెద్దలు ఆ భ్రమలో పడలేదనే నా అభిప్రాయం. వాళ్లు క్లుప్తంగా రాయడం బద్ధకం వల్ల కాదు.

చివర ఒక్క వాక్యం ఉంది: ఉభయుల అంగీకారంతో ఈ షరతులను మార్చుకోవచ్చు. 1956లో రాజధానీ హైకోర్టూ రెండూ హైదరాబాదుకు చేరినప్పుడు ఆ అంగీకారం ఎవరిచ్చినట్టు, ఏ సభలో ఇచ్చినట్టు అన్నది సీమలో నేటికీ అడుగుతూనే ఉన్నారు. అంగీకారాన్ని ఎలా నమోదు చెయ్యాలో ఆ వాక్యం చెప్పదు.