మానసిక ఆరోగ్య సేవాశిక్షణలో స్థానిక భాష: ‘వేర్ దేర్ ఈజ్ నో సైకియాట్రిస్ట్’ - విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
మానసిక వైద్యనిపుణులు అందుబాటులో లేనిచోట పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకోసం విక్రమ్ పటేల్ రచించిన కరదీపిక ‘వేర్ దేర్ ఈజ్ నో సైకియాట్రిస్ట్’. బాధను చెప్పుకొనే స్థానిక భాషను నేర్వడం సేవాపద్ధతిలో అంతర్భాగమని, పరిభాషానువాదం మాత్రమే అందుకు చాలదని ఈ గ్రంథం ఆధారంగా నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: మానసిక ఆరోగ్యం, సేవాశిక్షణ, మాండలికం, బాధావ్యక్తీకరణ, ఆశా కార్యకర్త.

1. ప్రవేశిక:
వ్యాధి లక్షణాలను పుస్తకం చదివి తెలుసుకోవచ్చు. బాధలో ఉన్న మనిషితో మాట్లాడే నేర్పు మాత్రం అభ్యాసంవల్లనే అలవడుతుంది. 1982లో ఆరంభమైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మానసిక వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థలో కలపాలని సంకల్పించింది. నిపుణులు కానివారికి ఈ నేర్పును ఎలా అందించాలన్న ప్రశ్న నాటినుంచీ నిలిచే ఉంది. 2003లో వెలువడిన పటేల్ గ్రంథం ఈ ప్రశ్నకు ఒక సమాధానం. 2018లో షార్లెట్ హాన్లన్ సహరచయితగా దీని రెండవ కూర్పు వచ్చింది.

2. గ్రంథ నిర్మాణం - గుణదోషాలు:
ఈ గ్రంథంలో చికిత్సాభాగం రోగాల పేర్లతో కాక సమస్యలతో మొదలవుతుంది. వైద్యకారణం కనబడని శారీరక బాధలు, చిక్కులు తెచ్చే అలవాట్లు, నష్టంవల్ల, హింసవల్ల కలిగే వేదనలు వేర్వేరు అధ్యాయాలయ్యాయి. ఆరోగ్య కేంద్రానికి వచ్చే వ్యక్తి తన రోగం పేరు చెప్పడు. నిద్ర పట్టడం లేదంటాడు, ఒళ్ళు నొప్పులంటాడు. కార్యకర్త పని ఎక్కడ మొదలవుతుందో గ్రంథమూ అక్కడే మొదలుకావడం దీని ప్రధాన గుణం.

గ్రంథాన్ని ఆయా ప్రాంతాలకు అనుగుణంగా మలచుకోవడానికి చివరి భాగం ఉద్దేశితమైంది. అనుబంధంగా భావించి పాఠకులు దాటవేసే అవకాశమున్న ఈ భాగమే వాస్తవానికి గ్రంథానికి ఆయువుపట్టు. అయితే పదాల పట్టిక తయారైనంత మాత్రాన ఆ పదాల సందర్భం తెలియదు. ఇది గ్రంథానికున్న పరిమితి.

3. హరారే, గోవా అనుభవాలు:
ఈ పరిమితిని అధిగమించిన మార్గం జింబాబ్వేలో కనిపిస్తుంది. పటేల్ 1990లలో హరారేలో చేసిన పరిశోధనకు షోనా భాషలోని ‘కుఫుంగిసిసా’ అన్న మాట కీలకం. అతిగా ఆలోచించడమని దానికి అర్థం. 2006లో డిక్సన్ చిబాండా అక్కడే ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’ ప్రారంభించారు. వృద్ధ మహిళా కార్యకర్తలు క్లినిక్ ఆవరణలో బెంచీమీద కూర్చొని సమస్యా పరిష్కార చికిత్స చేస్తారు. మనసు తెరవడం, పైకెత్తడం, బలపరచడం అన్న అర్థాలిచ్చే షోనా పదాలే చికిత్సాదశల పేర్లు. ఈ పద్ధతివల్ల బాధితుల లక్షణాలు తగ్గినట్లు 2016లో ‘జామా’ పత్రికలో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఇక్కడ పద్ధతి ముందు పుట్టి, తరువాత భాషలోకి అనువాదం కాలేదు. రెండూ కలిసే రూపొందాయి.

గోవాలో పటేల్ బృందం మరో మార్గం చూపింది. కౌన్సెలర్లు తమ సంభాషణల రికార్డింగులను కలిసి విని, ఒకరి పనిని మరొకరు అంచనా వేసుకొన్నారు. ఉపన్యాసం ఇవ్వలేని శిక్షణ ఇది.

4. తెలుగు సందర్భం:
పశ్చిమ గోదావరి జిల్లాలో జరిగిన ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలు టాబ్లెట్ల సాయంతో గ్రామీణుల మానసిక స్థితిని పరిశీలించారు. ఇటువంటి పనిలో ప్రశ్న ఏ మాటతో అడిగారన్నది నిర్ణాయకం. ‘కుంగుబాటు’, ‘వ్యాకులత’ పత్రాలలోని మాటలు. తెలంగాణ పల్లెలో వినిపించేవి ‘రంది’, ‘మనాది’; కోస్తాలో ‘బెంగ’, ‘దిగులు’. ఇవి పర్యాయపదాలు కావు. బెంగ ఎక్కువగా దూరమైన మనిషికోసం కలిగేది. మనాది లోలోపల తొలిచి మనిషిని మంచాన పడేసేది. ‘బెంగగా ఉందా?’ అన్న ప్రశ్నకు పట్నం వెళ్ళిన కొడుకు ఊసు సమాధానంగా రావచ్చు. వ్యాధి లక్షణం మరుగునే ఉండిపోతుంది.

ఆత్మహత్య గురించి అడగవలసి వచ్చినప్పుడు ఈ చిక్కు ప్రాణాంతకమవుతుంది. అడిగినంత మాత్రాన ఆ తలపు పుట్టదని మానసిక వైద్యం స్పష్టంగా చెబుతుంది. కాని తెలుగులో ‘చచ్చిపోతే బాగుండు’ అన్నది విసుగులో దొర్లే మాట కూడా. మాటవరసకు అన్నదేదో, నిజమైన సంకల్పమేదో కార్యకర్త గుర్తించాలి. పైగా తల్లి వయసున్న స్త్రీని ‘అమ్మా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?’ అని సూటిగా అడగడానికి మర్యాద అడ్డువస్తుంది. ఆ ప్రశ్నను తోటివారి ఎదుట పైకి పలికి, స్వరం, సంబోధన, విరామం సరిచేసుకొంటేగాని అడిగే ధైర్యం రాదు.

5. ముగింపు:
భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోటినుంచే సేకరించింది. బాధను చెప్పే పదాలకూ అటువంటి క్షేత్రసేకరణ అవసరం. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో కూడా అందులో నమోదు కావాలి. ఆ సామగ్రి ఆధారంగా సంభాషణలను అల్లి, అభినయించి, విని, దిద్దుకొనే శిక్షణను రూపొందించాలి. పటేల్ గ్రంథంలోని చివరి భాగాన్ని తెలుగులో పూరించడం వైద్యులొక్కరివల్ల అయ్యేది కాదు. భాషాశాస్త్రజ్ఞులకు, జానపద పరిశోధకులకు అందులో సమానమైన బాధ్యత ఉంది.