ప్రవరుడి పసరూ, ప్రాయోజిత పొగడ్తా

డబ్బు పుచ్చుకుని పొగడడం మనకి కొత్తేమీ కాదు. శ్రీనాథుడంతటివాడు హరవిలాసాన్ని సుగంధద్రవ్యాల వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టికి అంకితమిచ్చాడు. పెద్దన మనుచరిత్రకి కృతిభర్త సాక్షాత్తూ శ్రీకృష్ణదేవరాయలు. రాజులకి ఇవ్వనన్న పోతన కథని మనం ఇన్ని వందల ఏళ్ళుగా మురిసిపోతూ చెప్పుకుంటున్నామంటే, ఇవ్వడం ఎంత మామూలు సంగతో వేరే చెప్పాలా?

అయితే ఆ పొగడ్తకి ఒక చోటంటూ వుండేది. కృతిభర్త వంశం, దానగుణం, ప్రతాపం అన్నీ అవతారికలో వర్ణించేవారు. తర్వాత ప్రతి ఆశ్వాసం మొదట్లోనూ, చివర్లోనూ ఆయన్ని ఓసారి పలకరించేవారు. మధ్యలో కథ జోలికి ఆయన వచ్చేవాడు కాదు. ఎక్కడిదాకా పొగడ్తో, ఎక్కణ్ణించి కావ్యమో చదివేవాడికి తెలిసేది. రేడియో రోజుల్లోనూ అంతే. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన బినాకా గీత్‌మాలాకి టూత్‌పేస్టు పేరే పెట్టేశారు. దాపరికం లేదు. పాటలు వినేవాళ్ళు పాటలు విన్నారు, పళ్ళు తోముకునేవాళ్ళు తోముకున్నారు.

ఇవాళ యూట్యూబులో వంటలు, ప్రయాణాలు, ఇంటి ముచ్చట్లు చూపించేవాళ్ళకీ కృతిభర్తలున్నారు. ఇబ్బందల్లా ఆ కృతిభర్త కథ మధ్యలోకి వచ్చి కూర్చోవడమే.

పెద్దన ఇప్పుడు వీడియోలు తీస్తున్నాడనుకోండి. సిద్ధుడు ప్రవరుడి కాళ్ళకి పసరు పూస్తాడు. అక్కడ కథ ఆగుతుంది. "ఫ్రెండ్స్, మూడు వారాలుగా నేనూ యీ పసరే వాడుతున్నాను. లింకు కింద ఇచ్చాను, నా పేరు కొడితే పదిశాతం తగ్గింపు" అని వినిపిస్తుంది. పోనీ, అంతవరకూ సర్దుకుందాం. ఆపైన హిమాలయాల మీద మంచు తగిలి పసరు కరిగిపోవాలి కదా! ఆ ముక్క కంపెనీవారు కొట్టేస్తారు. "మా సరుకు కరిగిపోయిందని మీరెలా అంటారండీ?" అంటారు. పసరు కరక్కపోతే ప్రవరుడు నిక్షేపంగా సాయంత్రానికి ఇల్లు చేరతాడు. వరూధినితో పని లేదు, మనువు పుట్టడు, మనుచరిత్రా లేదు!

నాకున్న ఫిర్యాదు ఇంతే. పొగిడినందుకు డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు. లోపం చెప్పే హక్కుని కూడా కలిపి అమ్మేసుకుంటే కథ చస్తుంది. ఆ హక్కు ఎక్కడ పోతుందో తెలియాలంటే బేరం ఎలా జరుగుతుందో తెలియాలి.

యూట్యూబువారు తామే వేసే ప్రకటనల రాబడిలో పెద్ద వీడియోలకి 55 శాతం, షార్ట్స్‌కి 45 శాతం తీసినవాళ్ళకి ఇస్తారు. అక్కడ బేరం లేదు, ఇచ్చింది పుచ్చుకోవడమే. ఏ నూనె కంపెనీయో నేరుగా వచ్చి "మా గురించి ఒక నిమిషం చెప్పండి" అన్నప్పుడే బేరం మొదలవుతుంది. చానెల్‌కి ఎన్ని లక్షలమంది చందాదార్లో చూసి మనం నోళ్ళు తెరుస్తాం గానీ, బేరం తెలిసినవాళ్ళు ఆ అంకెని అంతగా పట్టించుకోరు. అయిదు లక్షలమంది చందాదార్లున్న చోట కొత్త వీడియోని ఇరవై వేలమందే చూడొచ్చు. అంచేత ఈమధ్య పెట్టిన పదీ పన్నెండు వీడియోలని సగటున ఎంతమంది చూశారో లెక్కగట్టి, వెయ్యి వ్యూస్‌కి ఇంతని ధర కడతారు.

రాజమండ్రిలో వంటల చానెల్ నడిపే ఒకావిడ వుందనుకుందాం. సగటున 40 వేల వ్యూస్. వెయ్యికి 500 అనుకుంటే 20 వేల రూపాయలు. (ఇది లెక్క తెలియడానికి నేను వేసిన అంకె, బజారు ధర అనుకునేరు!) అదే 40 వేలమంది ఇళ్ళస్థలాల గురించి చెప్పే చానెల్‌లో వుంటే ధర ఎక్కువ పలుకుతుంది. ఉప్పు పాకెట్టు అమ్మితే మిగిలేదెంత, స్థలం అమ్మితే మిగిలేదెంత! వీడియో మధ్యలో ఒక నిమిషం చెప్తే ఒక రేటు, వీడియో మొత్తం ఆ వస్తువు మీదే తీస్తే అంతకంటే పై రేటు.

ఇంతలో ఏజెన్సీ కుర్రాడు ఫోన్ చేస్తాడు. "మేడమ్, బడ్జెట్ లేదండీ. పన్నెండు వేలకి చేసిపెట్టండి, ముందుముందు పెద్ద పనులిస్తాం" అంటాడు. ముందుముందు ఇస్తామన్న మాటకి ఏ కిరాణా కొట్టులోనూ కందిపప్పు రాదు. అయినా పాపం చాలామంది ఒప్పేసుకుంటారు. తెలిసినవాళ్ళు ఆ పని చెయ్యరు. "సరే బాబూ, పన్నెండు వేలకి అర నిమిషమే చెప్తాను" అంటారు. ధర తగ్గించమంటే చీరలకొట్టువాడు జాకెట్టుముక్క కోసేసుకోడూ? అదన్నమాట సూత్రం. రేటు అలాగే వుంచి సరుకు తగ్గించాలి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. అంకె దగ్గర గట్టిగా నిలబడ్డవాళ్ళు కూడా ఒప్పందంలోని చిన్న అక్షరాల దగ్గర బోర్లా పడుతున్నారు. ఆరునెలలపాటు మరో నూనె పేరెత్తకూడదని ఒక షరతు. ఆవిడ ముఖం, గొంతు వున్న ఆ ముక్కని కంపెనీ తన ప్రకటనగా ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు తిప్పుకోవచ్చని ఇంకో షరతు. మాటలు ముందుగా చూపించి ఒప్పించుకోవాలని మరొకటి. వీటికి విడిగా ధర అడగాలని తెలియక, 20 వేలకి అన్నీ కలిపి ధారపోస్తారు. పొలం కౌలుకిస్తున్నామనుకుని దస్తావేజు రాసిచ్చినట్టు!

నవలలు రాసుకునే నాబోటిది వీడియో చూస్తే బేరం ఎలా జరిగిందో ఇట్టే తెలిసిపోతుంది. మీరూ చూడండి. అప్పటిదాకా "ఏమర్రా, పోపు మాడనివ్వకండి" అని కమ్మగా మాట్లాడినావిడ హఠాత్తుగా "ఇందులో విటమిన్ ఏ, డి సమృద్ధిగా లభిస్తాయి" అందంటే, ఆ వాక్యం కంపెనీ కాగితంలోంచి వచ్చింది. మార్చమని అడిగే ధైర్యం ఆవిడకి లేకపోయింది. పొగడ్త మొదటి నిమిషంలోనే వచ్చేసిందంటే, జనం వెళ్ళిపోకముందే చెప్పాలని చోటు కూడా వాళ్ళే నిర్ణయించారు. కొన్నాళ్ళపాటు వంటింట్లో ఏ సీసా మీదా పేరు కనపడకుండా చీటీ తిప్పి పెట్టిందంటే, ఆరునెలల షరతు అమల్లో వుందన్నమాట. అత్తగారి జ్ఞాపకాలు చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ తడి ఆరకముందే "ఆవిడా యీ నూనే వాడేవారు" అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. పాత్రని అమ్ముకున్న రచయితని చూసినట్టుంటుంది.

కొందరికి డబ్బు కూడా ఇవ్వరు, పార్సెల్ పంపుతారు. "ఉచితంగా పంపించాం కదండీ, ఒక వీడియో చెయ్యండి!" ఆ ఉచితాన్ని ప్రభుత్వమే నమ్మలేదు. 2022 జూలై 1 నుంచి వచ్చిన నియమం ప్రకారం, పనికి బదులుగా ఇచ్చిన వస్తువుల విలువ ఏడాదికి 20 వేల రూపాయలు దాటితే, ఇచ్చినవాళ్ళు 10 శాతం పన్ను కట్టేలా చూడాలి. వీడియో తీసి వస్తువు తిరిగి పంపించేస్తే ఆ లెక్కలోకి రాదు. అంటే మిక్సీ కూడా జీతమే. కానీ ఇంటద్దె మిక్సీలతో కట్టలేం కదా!

ఇక చూసేవాళ్ళ సంగతి. ప్రకటనల రంగంవాళ్ళే ఏర్పరుచుకున్న సంస్థ ఆస్కీ. దాని నియమాలు 2021 జూన్ 14 నుంచి అమల్లో వున్నాయి. రెండు నిమిషాలు దాటిన వీడియోలో, వస్తువు గుణగణాలు చెబుతున్నంతసేపూ అది ప్రకటన అని తెరమీద కనపడాలి. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కూడా, డబ్బో కానుకో పుచ్చుకుంటే ఆ మాట స్పష్టంగా చెప్పి తీరాలనీ, స్వయంగా వాడి చూడని వస్తువుని మెచ్చుకోకూడదనీ మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే చెప్పినవాళ్ళకీ 10 లక్షల దాకా, మళ్ళీ మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వుంది. నా మటుకు నాకు యీ చీటీ మన అవతారికలాంటిదే. పొగడ్త ఎక్కడుందో చెప్పడానికి ప్రభుత్వం గీసిన గీత.

ఆ గీత ఒక్కటే చాలదు. 2025 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీసులు బెట్టింగ్ యాప్‌ల్ని ప్రచారం చేశారని పలువురు ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసు పెట్టారు. ఆ ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ నిషేధిస్తూ చట్టం చేసింది. "ఇది ప్రకటన" అని చీటీ అతికించినంతమాత్రాన జూదం ఒప్పయిపోతుందా? మన ఇంటి కుర్రాళ్ళు అలాంటి ఆటల్లోకి దిగేది కంపెనీని నమ్మి కాదు. రోజూ అన్నా అని పిలుచుకునే ఆ గొంతుని నమ్మి. కంపెనీ ధర కట్టేది కూడా ఆ నమ్మకానికే, వ్యూస్ దాని కొలపాత్ర మాత్రమే.

మరి మంచి పొగడ్త ఎలా వుండాలంటారా? రాజమండ్రి ఆవిడ "డబ్బు తీసుకునే చెప్తున్నాను. వేపుళ్ళకి యీ నూనె బాగానే వుంది. ఆవకాయకి మాత్రం మనకి నువ్వులనూనే" అంటే, అదీ! కరిగిన పసరు లాంటి వాక్యం అది. అదొక్కటీ వుంటే మిగతా మెప్పంతా నిజమనిపిస్తుంది. కంపెనీకీ నష్టం లేదు. వేపుళ్ళు చేసుకునే ఇళ్ళకేం తక్కువ?

అంచేత వీడియోలు తీసే అమ్మాయిలకి నేను చెప్పేది ఒక్కటే. బేరం మొదలుపెట్టేటప్పుడు ముందు ఆ వాక్యం అడగండి, అంకె తర్వాత అడగండి. ఒప్పుకోకపోతే "అయితే వద్దు బాబూ" అనండి. ఇరవై వేలు వదులుకోవడం తేలిక కాదు, ఆ నెల పిల్లల ఫీజు మీ కళ్ళముందు ఆడుతూంటుంది. అయినా సరే. మీరు ఒకసారి వద్దన్నారని తెలిసిన రోజునుంచీ, మీరు బాగుందన్నది బాగుంటుందని జనం నమ్ముతారు. ఆ తర్వాత ధర మీ ఇష్టం.