యూరియా బస్తాలో ఎన్ని మోల్‌లు?

గోదావరి డెల్టాలోని కె.గంగవరం చుట్టుపక్కల వరి పండించే ఇళ్లలో పిల్లలకు బస్తా లెక్కలు ఎవరూ నేర్పక్కర్లేదు. ధాన్యం బస్తా 75 కిలోలు, యూరియా బస్తా 45 కిలోలు. ఆ పిల్లలే ఇంటర్లో చేరాక “36 గ్రాముల నీటిలో ఎన్ని మోల్‌లు?” అంటే భాగించాలో గుణించాలో తెలియక ఆగిపోతారు. సూత్రాన్ని బట్టీ పట్టించడమే ఇందుకు కారణమని నా నమ్మకం. మోల్ అంటే సూత్రం కాదు, డజను లాంటి ఒక లెక్క.

ముందు ధాన్యం సంగతి చూద్దాం. గింజలను ఒక్కొక్కటీ ఎవరు లెక్కపెడతారు? పెద్దలు కొలిచేవారు: నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. వరి వంగడాల మీద పనిచేసే శాస్త్రవేత్తలు మాత్రం వెయ్యి గింజలు లెక్కపెట్టి తూకం వేస్తారు. ఆ వెయ్యి గింజల బరువు 20 గ్రాములైతే, 75 కిలోల బస్తాలో 37 లక్షల 50 వేల గింజలున్నట్టు. బస్తా విప్పకుండానే లెక్క తేలింది.

మోల్‌ది కూడా ఇదే పద్ధతి. వెయ్యికి బదులు 6.022 × 10²³. వెయ్యి గింజల బరువుకు బదులు మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు. ఆ సంఖ్యకు అవగాడ్రో పేరున్నా దాన్ని లెక్కగట్టింది ఆయన కాదు. వాయువుల్లోని అణువుల సంఖ్య గురించి 1811లో ఆయన చేసిన ఊహను గౌరవిస్తూ 1909లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పెరాన్ ఆ పేరు పెట్టాడు.

ఇక యూరియా. ఒక అణువులో కార్బన్ 12, ఆక్సిజన్ 16, రెండు నత్రజనులు 28, నాలుగు హైడ్రోజన్‌లు 4; మొత్తం 60. అంటే ఒక మోల్ 60 గ్రాములు. బస్తా 45,000 గ్రాములు కాబట్టి 60తో భాగిస్తే 750 మోల్‌లు. అణువుకు రెండు చొప్పున నత్రజని 1,500 మోల్‌లు. 14తో గుణిస్తే 21 కిలోలు. సార్వా (ఖరీఫ్) లోనైనా దాళ్వా (రబీ) లోనైనా యూరియా నుంచి వరికి కావలసింది ఆ నత్రజనే. బస్తా బరువులో ఆ 21 కిలోలను శాతంలో చెబితే 46.7. కాస్త తేమ, మలినాలు పోగా సంచి మీద 46 అని అచ్చు వేస్తారు.

గ్రాములతోనే సరిపెట్టుకోవచ్చు కదా, ఈ మోల్‌లు ఎందుకని పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ బస్తా తయారు కావడానికి అమ్మోనియా 25.5 కిలోలు, కార్బన్ డయాక్సైడ్ 33 కిలోలు కావాలి. యూరియాతో పాటు 13.5 కిలోల నీరూ వస్తుంది. ఈ బరువులు చూస్తే ఏ పొంతనా కనిపించదు. మోల్‌లలోకి మార్చండి: అమ్మోనియా 1,500, కార్బన్ డయాక్సైడ్ 750. రెండుకు ఒకటి! అణువులు కలిసేది లెక్క ప్రకారమే గాని తూకం ప్రకారం కాదు.

తప్పులు ఎక్కువగా రెండు చోట్ల దొర్లుతాయి. ఒకటి, కిలోలను గ్రాములు చేయకుండానే భాగించడం. రెండోది, ఆక్సిజన్ వాయువుకు 32 బదులు 16 వేయడం. “ఒక మోల్ ఎంత తూగుతుంది?” అన్న ప్రశ్న ముందే వేసుకుంటే గుణకారమా, భాగహారమా అన్న సందేహమే రాదు.

రసాయన శాస్త్రం చెప్పే మాస్టార్లకు ఒక మనవి. ఈ పాఠం రోజున ఖాళీ యూరియా సంచి ఒకటి కడిగి ఆరబెట్టి తరగతికి తీసుకెళ్లండి. దాని మీదున్న 46 ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లల చేతే లెక్క కట్టించండి.